సందుగాలి లేని ఇల్లు

ఆ ఉదయం దోబ్రిలా పెట్టుకున్న పని ఒక్కటే. పులియబెట్టిన క్యాబేజీ పీపా మీద రాయి సర్ది, ఒక కప్పు కాఫీ కాచుకుని, కూర్చుని తాగడం. నిలబడి తాగడం రోజూ ఉన్నదే. కూర్చోవడమే ఆ రోజు విశేషం. కాఫీ పొంగు వచ్చేలోగా ఆమె భర్త మిలెంకో భుజాన నిచ్చెన పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పొద్దున్నే నిచ్చెన మోసే మగవాడి మొహంలో ఒక వెలుగు ఉంటుంది. ఆ వెలుగు చూస్తే చాలు, దోబ్రిలాకి నడుం నొప్పి మొదలవుతుంది.

"ఏమిటది?"

"నిచ్చెన."

"అది కనిపిస్తూనే ఉంది. దేనికి?"

"ఈ చలికాలం మన ఇంట్లో ఒక్క సందు మిగలదు. చీమ ఊపిరి కూడా లోపలికి రాదు. నువ్వు చూస్తూ ఉండు, చాలు."

చూస్తూ ఉండమన్న పనులన్నీ ఆఖరికి తన చేతికే వస్తాయని దోబ్రిలాకి తెలుసు. ఆమె కాఫీ గిన్నె దింపి, నిలబడే తాగేసింది.

జ్లాటార్ కొండవాలున ఉన్న ఆ ఇల్లు మిలెంకో తాత కట్టింది. కింద రాయి, పైన దుంగలు. దుంగలు ఎండి, కుంగి, ఒకదాని మీద ఒకటి అలిగి కూర్చున్నాయి. వాటి మధ్య సందుల్లోంచి డిసెంబరు నెలంతా మంచు పొడి ఇంట్లోకి రాలుతుంది. పొయ్యి వైపు తిరిగితే మొహం కాలుతుంది, వీపు గడ్డకడుతుంది. అయినా ఆ కొండల్లో జనం చలికి భయపడరు. తోడేలుకీ అంత భయపడరు. వాళ్ల భయమంతా సందుగాలికే. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, కోడలికి నెల తప్పకపోయినా, ఎక్కడో ఎదురెదురు కిటికీలు ఒకేసారి తెరిచి ఉంటాయని తేల్చేస్తారు. దోబ్రిలా అత్తగారు వుకోసావా ఈ విషయంలో ఆ చుట్టుపక్కల పెద్ద దిక్కు. ఒక కిటికీ తెరిచి ఉండగా ఎవరైనా రెండో కిటికీ మీద చెయ్యి వేస్తే, కత్తి దూసినవాణ్ణి చూసినట్టు చూస్తుంది.

ఇప్పుడు గొడవ మెడల గురించి కాదు. కొవ్వొత్తి గురించి.

ఆ వంశాన్ని కాపాడే పునీతుడు నికోలా. చలికాలంలో ఆయన పండుగ రోజు పొద్దున్నే ఇంటి యజమాని పొడవాటి మైనపు కొవ్వొత్తి వెలిగిస్తాడు. సాయంత్రం ఆ యజమానే దాన్ని ద్రాక్షసారాయితో ఆర్పాలి. ఈలోగా అది తనంతట తాను ఆరిపోతే, ఆ ఏడాది ఆ ఇంట్లో... ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయరు. కిందటేడు కొవ్వొత్తి రెండుసార్లు ఆరింది. రెండోసారి ఆరినప్పుడు వుకోసావా చేతికర్ర నేలకు కొట్టి తీర్పు చెప్పింది.

"వచ్చే ఏడు మళ్లీ ఆరిందా, పండుగ పట్నంలో పెద్దవాడి ఇంటికి పోతుంది. స్రేటెన్ ఫ్లాటుకి ప్లాస్టిక్ కిటికీలు. అక్కడ కొవ్వొత్తి సిపాయిలా నిలబడుతుంది."

నిజానికి దోబ్రిలా ఎగిరి గంతెయ్యాలి. ఆ పండుగకి ఎవరినీ పిలవరు. తెలిసినవాళ్లు వస్తారు, అందరికీ తెలుసు. పిలవని ఊరంతటికీ చేపలు వేయించి, చిక్కుడు గింజలు ఉడికించి, పాత్రలు తోమి, మర్నాడు మంచం దిగలేక ఇరవై ఏళ్లు గడిపింది. కానీ పండుగ రొట్టె మీద పిండితో ద్రాక్ష గుత్తులూ పావురాలూ అల్లేది ఆమె చేతులు. ఆ ఒక్కరోజు ఆ గుమ్మం ఆమె కోసం తెరుచుకుంటుంది. పండుగ పట్నం వెళ్తే తోడికోడలు గోర్దానా రొట్టె దుకాణం నుంచి తెప్పిస్తుంది, పైగా తను చేసినట్టు కూర్చుంటుంది. ఈ అలసట దోబ్రిలా సొంతం. దాన్ని ఇంకొకరికి రాసిచ్చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. అందుకే నిచ్చెన పట్టుకుంది.

మిలెంకో పని పద్ధతిగా మొదలుపెట్టాడు. తలుపుకీ కిటికీలకీ రబ్బరు పట్టీలు అంటించాడు. దుంగల సందుల్లో డబ్బాలోంచి నురగ చిమ్మాడు. అది ఉబ్బి, గట్టిపడి, గోడలకు పసుపు రంగు కణుతులు లేచినట్టు తయారైంది. కిటికీలు ఇక తెరుచుకోవని దోబ్రిలా అంటే, "చలికాలంలో కిటికీ తెరిచే పిచ్చివాడెవడు?" అన్నాడు. అత్తగారు కూడా ఆ రోజు కొడుకుని మొదటిసారి మెచ్చుకోలుగా చూసింది.

అటక మీదికి పక్కింటి రాడోయిత్సా బస్తాల కొద్దీ గొర్రె ఉన్ని తెచ్చి పడేశాడు. ఉన్ని కొనేవాళ్లు లేక అతని కొట్టం నిండిపోయింది.

"ఉతికావా?" అంది దోబ్రిలా.

"వాన ఉతికింది వదినా."

"ఎప్పుడు?"

"గొర్రె మీద ఉన్నప్పుడు."

ఉతకని ఉన్నిలో వెచ్చదనం ఎక్కువని మిలెంకో అతన్ని వెనకేసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి పొగగొట్టం చుట్టూ మోకాలి ఎత్తున ఉన్ని పరిచి, గర్వంగా దిగారు.

మిగిలినవి రెండు కన్నాలు. ఒకటి గుమ్మం పక్కన పిల్లి దారి. దాన్ని మూసేసరికి గారా అనే నల్ల పిల్లి బయట కట్టెల మోపు మీద కూర్చుని, పరువు తీసిన బంధువుల్ని చూసినట్టు ఇంటి వైపు చూడసాగింది. రెండోది ఇనప పొయ్యి వెనక, గోడలోంచి బయటికి పోయే పిడికెడు రంధ్రం. తాత కాలం నాటిది. చలిగాలి బుస్సుమంటూ సరిగ్గా అందులోంచే వస్తోంది.

"ఇది ఎందుకు పెట్టాడో మీ తాత?" అంది దోబ్రిలా.

"తాగి పెట్టి ఉంటాడు."

"తాగినవాడు ఇంత గుండ్రంగా పెట్టగలడా?"

"మా తాత తాగితేనే చెయ్యి నిలకడగా ఉండేది," అని మిలెంకో అందులో ఒక డబ్బా నురగ మొత్తం ఖాళీ చేశాడు.

పండుగ ముందు రోజు వుకోసావా పరీక్ష పెట్టింది. చిన్న కొవ్వొత్తి వెలిగించి గోడల పొడవునా, కిటికీ మూలల్లో, తలుపు అడుగున నెమ్మదిగా తిప్పింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. మంట ఎక్కడా తల వంచలేదు. ముసలావిడ చుట్టూ చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"బానే ఉంది," అంది.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక దోబ్రిలా ఆ మాట వినడం అదే మొదలు. ఆమెకు ఎందుకో భయం వేసింది.

పండుగ తెల్లారింది. బయట మంచు భూమికీ ఆకాశానికీ మధ్య తేడా లేకుండా పరుచుకుని ఉంది. గాలి లేదు. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి మాత్రం ఉంది. మిలెంకో కొవ్వొత్తి వెలిగించాడు. అది గీత గీసినట్టు నిలబడింది. అతను ఆ మంటని కన్నబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాడు. మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. వచ్చినవాళ్లంతా గుమ్మంలో బూట్లు విప్పి, ఇంటివాళ్లు ఇచ్చిన చెప్పులు తొడుక్కుని, సిలువ గుర్తు వేసుకుని, తీపి కలిపిన ఉడికించిన గోధుమలు చెంచాడు నోట్లో వేసుకుని, ప్లం సారా గుక్కెడు తాగి, బల్లల చుట్టూ సర్దుకున్నారు. అందరూ ఒకటే మాట. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందే తల్లీ!" దోబ్రిలా చెమట తుడుచుకుంటూ నవ్వింది. రొట్టె కోయడానికి రావలసిన ఫాదర్ విదోయె కూడా వచ్చి కూర్చున్నాడు. ఇంకా రావలసింది పెద్దకొడుకు స్రేటెన్ దంపతులే. పట్నం నుంచి దారిలో మంచు తీస్తున్నారు, ఆలస్యమవుతుందని ఫోను వచ్చింది.

మొదట ముక్కు ఎగబీల్చింది మిలెంకో మేనత్త స్తానా. చెవులు సరిగా పనిచేయవు కాబట్టి ఆవిడ ముక్కుని రెట్టింపు వాడుతుంది.

"ఒరే మిలెంకో. గొర్రె వాసన వస్తోందేమిట్రా?"

అది ఉపవాసపు రోజుల్లో వచ్చే పండుగ. చేప తప్ప మాంసం, పాలు, గుడ్డు ఆ ఇంటి గడప తొక్కకూడదు. అందరూ గాలి పీల్చి చూశారు. పొగగొట్టం వేడికి అటక మీద ఉన్ని కాగి, కొవ్వు వాసన ఇంటినిండా దిగుతోంది. పీల్చినకొద్దీ అది వేయించిన గొర్రెలా, ఇంకా పీలిస్తే పక్కన ఉల్లిపాయ కూడా ఉన్నట్టు తోచింది.

"చేప వాసనేమో అత్తా," అన్నాడు మిలెంకో.

"ఏ ఏట్లో పట్టావు, బొచ్చున్న చేపని?"

ఫాదర్ విదోయె మెల్లగా గ్లాసు దించాడు. "వాసన పాపం కాదులే నాయనా. కానీ ప్రతి వాసనకీ ఒక పుట్టిల్లు ఉంటుంది."

"అది గొర్రె వాసనే ఫాదర్," అని మిలెంకో ఒప్పేసుకున్నాడు. "కానీ వంటింట్లో లేదు. అటక మీద ఉంది."

"గొర్రెని అటక మీద దాచావా?"

"గొర్రె కాదండీ. బొచ్చు."

"మరి మిగతా గొర్రె ఏదీ?"

రాడోయిత్సా నోరు తెరవబోయాడు. తెరిస్తే ఉతకని సంగతి కూడా బయటపడుతుందని తట్టి, ఆ నోట్లో రొట్టె ముక్క పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే స్తానా మేనత్త తూర్పు గోడ వైపు చూసి కెవ్వుమంది.

"అయ్యో, ఏడుస్తున్నాడు! నికోలా స్వామి ఏడుస్తున్నాడు!"

నిజమే. గోడకున్న పటం అద్దం మీద, సరిగ్గా పునీతుడి కళ్ల కింద నుంచి, రెండు నీటి ధారలు గడ్డం మీదికి జారుతున్నాయి. సగం మంది లేచి సిలువ గుర్తు వేసుకున్నారు. ఒకావిడ అప్పటికే మోకాళ్ల మీద ఉంది. ఉపవాసం రోజున గొర్రెని తింటే పునీతుడు ఏడవక ఏం చేస్తాడు?

ఫాదర్ విదోయె దగ్గరికి వెళ్లి అద్దాన్ని చేతి రుమాలుతో తుడిచాడు. తర్వాత పక్కనున్న గోడ గడియారం తుడిచాడు. అదీ ఏడుస్తోంది. కిటికీలు ఏడుస్తున్నాయి. మిలెంకో తాత పెళ్లి ఫోటో కూడా ఏడుస్తోంది. ఇంతమంది ఊపిరీ, ఉడుకుతున్న చేపల పులుసు ఆవిరీ బయటికి పోయే దారిలేక చల్లటి అద్దాల మీద కూర్చుంటున్నాయి.

"దోబ్రిలా," అన్నాడు ఫాదర్ అలసటగా, "ముందు ఈ గొర్రెని బయటికి పంపించు తల్లీ."

ఆమెకు తోచిన దారి ఒక్కటే. వేసినప్పుడే మూత తెరుచుకునే వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసింది. ఫ్యాను గుర్రుమంటూ గాలిని బయటికి లాగింది. లాగింది సరే, బదులుగా లోపలికి రావడానికి ఆ ఇంట్లో ఒక్క సందు లేదు. మిలెంకో ఆ విషయంలో మాట నిలబెట్టుకున్నాడు. చివరికి గాలి తనకు మిగిలిన ఒకే దారి వెతుక్కుంది, పొగగొట్టం. పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి, పొయ్యి తలుపు చుట్టూ నల్లగా, తీరిగ్గా, పిలవని అతిథిలా ఇంట్లోకి వచ్చింది.

"కట్టెలు పచ్చివి!" అన్నాడొకడు.

"గొట్టంలో కాకి గూడు పెట్టింది," అన్నాడు రాడోయిత్సా.

"ఈ చలిలో ఏ కాకి?"

"పొగకి వెచ్చగా ఉంటుందని పెట్టిందేమో!"

మిలెంకో పొయ్యి తలుపు తెరిచి చూశాడు. అది అస్సలు చేయకూడని పని. దోబ్రిలా దగ్గుతూ పొయ్యి వెనకున్న పసుపు పచ్చని నురగ గడ్డ వైపు చూసింది. తాత ఆ కన్నం పెట్టింది పొయ్యికి గాలి అందడానికనీ, తాగి కాదనీ ఆమెకు అప్పుడర్థమైంది. వెళ్లి ఫ్యాను ఆపింది. కానీ దారి మరిగిన పొగ ఆగలేదు.

"తలుపు తియ్యండి!"

తలుపు రాలేదు. గంట నుంచి ఎవరూ తీయలేదు. ఇంట్లో తేమంతా రబ్బరు పట్టీల మీద చేరి, బయటి చలికి గడ్డకట్టి, తలుపుని చట్రానికి అతికేసింది. మిలెంకో, రాడోయిత్సా పిడి పట్టుకుని లాగుతున్నారు. అదే సమయానికి బయట కారు ఆగింది. స్రేటెన్ దిగి, గుమ్మం ఎక్కి, తలుపు తోశాడు. అది రాలేదు. లోపల కేకలు వినిపిస్తున్నాయి.

"ఒరేయ్ మిలెంకో! నన్ను బయటపెట్టి గడియ వేసుకుంటావురా? పండుగ పూట సొంత అన్నకి తలుపు తియ్యవా?"

"తియ్యడానికే చస్తున్నా! నువ్వు తోయి!"

"పో అంటావా నన్ను?"

"పో కాదురా, తోయి!"

"విన్నావా గోర్దానా? పోరా అంటున్నాడు! ఇల్లు వాడి ఒక్కడిదే అనుకుంటున్నాడు!"

ఇంటిలోపల కళ్లు మండుతున్నాయి. స్తానా మేనత్త తుమ్ముకీ తుమ్ముకీ మధ్య పాపాలు ఒప్పుకుంటోంది. ఫాదర్ వినకూడదని ఎంత ప్రయత్నించినా వినిపిస్తూనే ఉన్నాయి. అప్పుడు వుకోసావా లేచి నిలబడింది. ఆమె ఒకసారి పొగని చూసింది, ఒకసారి కొవ్వొత్తిని చూసింది. నల్లటి మసకలో దాని మంట పసుపు చుక్కలా ఉంది, కానీ ఉంది.

"అమ్మాయ్! కొవ్వొత్తి నీ చేతిలోకి తీసుకో. ఏమైనా సరే, అది ఆరకూడదు."

"నేనేమైనా సరేనా అత్తయ్యా?"

"మాటలు తర్వాత."

దోబ్రిలా కొవ్వొత్తి తీసుకుని మూలకి తిరిగి, ఏప్రన్ అంచులు రెండు వైపులా గుడారంలా పట్టుకుని నిలబడింది. వుకోసావా చేతికర్ర ఎత్తి, తూర్పు కిటికీ అద్దం పగలగొట్టింది. చల్లగాలి లోపలికి దూకింది. తర్వాత ఆవిడ ఎవరూ ఊహించని పని చేసింది. గది దాటి, నేరుగా ఎదురుగా ఉన్న పడమటి కిటికీ దగ్గరికి నడిచింది.

ఇల్లంతా హాహాకారాలు చేసింది. పొగకి అంత అరవలేదు. మగవాళ్లు మెడలు రెండు చేతులతో కప్పుకున్నారు. ఆడవాళ్లు తలగుడ్డలు చెవుల మీదికి లాక్కున్నారు.

"వుకోసావా! ఎదురెదురుగానా?" అని అరిచింది స్తానా. "రెండూ ఒకేసారా?"

"ఒకేసారే!" అంది వుకోసావా. కర్ర దింపింది. అద్దం ఫళ్లుమంది.

ఆవిడ జీవితమంతా పోరాడి బయట ఉంచిన గాలి ఒక్కసారిగా ఇంటి ఈ చివరి నుంచి ఆ చివరికి దౌడు తీసింది. పొగ, గొర్రె, పులుసు ఆవిరి, పేపరు రుమాళ్లు అన్నీ దానితో బయటికి పోయాయి. ఏప్రన్ గుడారంలో మంట వంగి, కుంగి, నీలిరంగు నువ్వుగింజంత అయింది. దోబ్రిలా వీపు చల్లబడిపోయింది. ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో తను గోడగా కూడా పనికొస్తానని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "ఆరకే," అంది మంటతో. "ఆరితే గోర్దానా దుకాణం రొట్టె తినాలి మనం." మంట ఆ మాట విన్నట్టే మెల్లగా తల ఎత్తింది.

అదే క్షణాన స్రేటెన్ అవమానభారమంతా భుజంలోకి తెచ్చుకుని తలుపుని గుద్దాడు. రబ్బరు చిరిగింది, మంచు పగిలింది, తలుపుతో పాటు స్రేటెన్ కూడా లోపలికి వచ్చి నేలమీద బోర్లా పడ్డాడు. దోబ్రిలా కొవ్వొత్తితో అతన్ని దాటుకుని బయటికి నడిచింది. పండుగ పూట పెద్ద బావగారిని దాటడం మర్యాద కాదని తెలుసు. అందుకే దాటుతూ, "రండి బావగారూ, పండుగ శుభాకాంక్షలు," అంది.

ఇంటి చాటున పెరట్లో గాలి లేదు. ఆకు కదలడానికి ఆకులే లేవు. ఆమె ఏప్రన్ వదిలేసింది. మంట ఒక్కసారి తడబడి, నిటారుగా నిలిచింది. మేకు దిగ్గొట్టినట్టు నిలిచింది. ఆ ఇంట్లో తాత కాలం నుంచి ఏ కొవ్వొత్తీ అంత తిన్నగా వెలగలేదు. వెనకాలే దగ్గుకుంటూ ఒక్కొక్కరూ బయటికి వచ్చి, కొవ్వొత్తి చుట్టూ నిలబడ్డారు. కట్టెలు కొట్టే మొద్దు మీద గోధుమలు పెట్టారు. మంచు కుప్పలో సారా సీసాలు గుచ్చారు. ఫాదర్ విదోయె చేతి తొడుగులతోనే పండుగ రొట్టె కోసి, ద్రాక్షసారాయి చల్లి, మిలెంకోతో కలిసి ఆ రొట్టెని ముద్దు పెట్టుకున్నాడు. దోబ్రిలా అల్లిన పావురాల తోకల మీద మంచు పొడి పడి, అవి నిజంగా వాలినట్టున్నాయి. ఖాళీ ఇంట్లోకి పడమటి కిటికీ గుండా గారా దర్జాగా దూకి, వేయించిన చేపల పళ్లెం పక్కన కూర్చుంది. పిల్లి దారి మూసినవాళ్లు ఏం తింటారో ఇక వాళ్ల ఖర్మ.

స్రేటెన్ మోకాలు రుద్దుకుంటూ తల్లి దగ్గరికి వచ్చాడు.

"చూశావా అమ్మా ఇక్కడి సంగతి? మరి వచ్చే ఏడు మా ఇంట్లోనేగా పండుగ?"

"ఎందుకు? కొవ్వొత్తి ఆరిందా?"

"ఆరలేదు. కానీ అది ఇంట్లో ఎక్కడుంది? పెరట్లో వెలుగుతోంది!"

"పెరడు కూడా మీ నాన్నదే," అంది వుకోసావా. "నీ ఫ్లాటుకి పెరడు ఉందా?"

స్రేటెన్ గోర్దానా వైపు చూశాడు. గోర్దానా తన చేతిలోని రొట్టె ముక్క వైపు చూసి, ఇంకో ముక్క తీసుకుంది.

మిలెంకో గోడ బయటి వైపుకి వెళ్లి, గునపంతో తాత పెట్టిన రంధ్రంలోంచి నురగ పెళ్లగించడం మొదలుపెట్టాడు. "చూస్తూ ఉండు దోబ్రిలా," అన్నాడు. ఆమె ఈసారి నిజంగానే చూస్తూ ఉంది. ఎవరో ఆమె చేతికి కాఫీ కప్పు అందించారు. కట్టెల మోపు మీద పిల్లి ఖాళీ చేసిన చోటు కనిపించింది. అక్కడ మంచు తుడుచుకుని, పక్కన కొవ్వొత్తి పెట్టుకుని, ఆమె కూర్చుని తాగింది.

ఎదురెదురు కిటికీల మధ్య అంతసేపు నిలబడినా మర్నాడు ఊళ్లో ఒక్కరికీ మెడ పట్టలేదు. ఆ సంగతి తన ముందు ఎత్తొద్దని వుకోసావా అందరికీ చెప్పి పెట్టింది.